ట్యూబ్ సాకెట్ ఎటు తిరిగి ఉండాలో డ్రిల్లు పెట్టకముందే తేల్చుకోండి

గిటార్‌కి సొంతంగా ట్యూబ్ ఆంప్, అంటే గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్, కట్టుకునేవాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ తెప్పించాలి, ఏ కంపెనీ కెపాసిటర్ మంచిది అని నెలల తరబడి వెతుకుతారు, తీరా ఆ ట్యూబులు కూర్చునే సాకెట్ దగ్గరికి వచ్చేసరికి రంధ్రంలో ఎలా దిగితే అలా దింపి రెండు స్క్రూలు బిగించేస్తారు. గుండ్రంగా ఉన్నదాన్ని ఎటు తిప్పితే ఏముంది అనిపిస్తుంది. చాలా ఉంది. ఆన్ చేసిన దగ్గర్నుంచీ గుయ్‌మని మోగుతూ ఉండడానికి, వాల్యూమ్ సగం దాటగానే కీచుమనడానికి, ఒక్కోసారి చెవికి ఏమీ వినపడకుండానే టోన్ చచ్చుబడిపోవడానికి కూడా సాకెట్ తిరిగి ఉన్న దిక్కే కారణం కావచ్చు. పైగా ఇది తర్వాత చూసుకుందాంలే అనుకునే పని కాదు. రెండు స్క్రూ రంధ్రాలు ఒకసారి పడ్డాయంటే ఆ సాకెట్‌ని పూర్తిగా వెనక్కి తిప్పగలరు, అంతకుమించి ఒక్క డిగ్రీ కూడా కదపలేరు. అందుకని రేకు ముట్టుకోకముందే కాగితం మీద ఈ సంగతి తేల్చుకోండి.

ఉదాహరణకి ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్ తీసుకుందాం, మొదటిసారి కట్టేవాళ్ళకి నేను చెప్పేది అదే. ఒక 12ఏఎక్స్7, ఒక 6వి6 జీటీ, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఒక 5వై3 జీటీ, మూడే ట్యూబులు. ఐదు వాట్ల లోపే అయినా ఇంట్లో వాయించుకోవడానికీ, మన కోనసీమ ఊళ్ళల్లో చిన్న చర్చిలో క్వయర్ పక్కన పెట్టుకోవడానికీ చక్కగా సరిపోతుంది. కాకపోతే ఇది సింగిల్ ఎండెడ్ ఆంప్, అంటే పవర్ ట్యూబు ఒక్కటే. పుష్-పుల్ ఆంపుల్లో రెండు పవర్ ట్యూబుల్లోకీ ఒకేలా దూరిన హమ్‌లో, అంటే ఆ గుయ్‌మనే మోతలో, చాలా భాగం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, దీనికి ఆ సాయం లేదు. లోపలికి దూరిన మోత ఎంతో స్పీకర్‌లోకి వచ్చేది అంత. అందుకే చిన్న ఆంప్ కదా అని సాకెట్లని తేలిగ్గా తీసుకోకూడదు.

ముందే ఒక మాట. ఈ ఆంప్ లోపల 300 వోల్టులు దాటి డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది, మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు పీకి, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో 100 కిలో ఓముల 2 వాట్ల రెసిస్టర్‌ని కెపాసిటర్‌కీ ఛాసిస్‌కీ (అన్నీ బిగించే రేకు పెట్టెకి) మధ్య అర నిమిషం పట్టి ఉంచి, మల్టీమీటర్‌తో వోల్టేజీ పదికి దిగిందని కళ్ళతో చూశాకే పని మొదలుపెట్టండి. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటే మూత లేకుండా వదిలి లేవకండి.

ఇక పిన్నుల లెక్క. ట్యూబ్ సాకెట్ పిన్నులని ఎప్పుడూ కింద నుంచి, అంటే సోల్డర్ చేసే వైపు నుంచి చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే లెక్కపెట్టాలి. పైనుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. 12ఏఎక్స్7, ఈఎల్84 లాంటివి కూర్చునే తొమ్మిది పిన్నుల నోవల్ సాకెట్‌లో పది చోట్లకి తొమ్మిదే పిన్నులు ఉంటాయి, ఒక చోటు ఖాళీ. ఆ ఖాళీ దాటగానే వచ్చేది ఒకటో పిన్ను, ఖాళీకి సరిగ్గా ఎదురుగా ఉండేది ఐదో పిన్ను. 6వి6, 5వై3 కూర్చునే ఎనిమిది పిన్నుల ఆక్టల్ సాకెట్‌లో ఖాళీ ఉండదు, మధ్య రంధ్రానికి ఒక గాడి ఉంటుంది, ఆ గాడికి అటూ ఇటూ ఒకటీ ఎనిమిదీ, ఎదురుగా నాలుగూ ఐదూ. చాలా సాకెట్ల మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి గానీ సన్నగా ఉంటాయి, భూతద్దంతో చూసుకుని మార్కర్‌తో ఒకటో పిన్ను పక్కన చుక్క పెట్టుకోండి.

ఏ పిన్ను ఏం పని చేస్తుందో తెలిస్తేనే దిక్కు తేలుతుంది. 12ఏఎక్స్7లో రెండు ట్రయోడ్లు, అంటే సిగ్నల్‌ని పెంచే రెండు విడి భాగాలు ఉంటాయి. సిగ్నల్ గ్రిడ్‌లోకి వెళ్ళి, పెద్దదై ప్లేట్ దగ్గర బయటికొస్తుంది, క్యాథోడ్‌ని హీటర్ వేడిచేస్తుంది. ఒకటి ప్లేట్, రెండు గ్రిడ్, మూడు క్యాథోడ్, ఇది ఒక ట్రయోడ్. ఆరు ప్లేట్, ఏడు గ్రిడ్, ఎనిమిది క్యాథోడ్, ఇది రెండోది. నాలుగు, ఐదు, తొమ్మిది హీటర్‌వి. 6.3 వోల్టులతో నడిపేటప్పుడు నాలుగునీ ఐదునీ కలిపి ఒక తీగ, తొమ్మిదికి రెండో తీగ. 6వి6లో రెండూ ఏడూ హీటర్, మూడు ప్లేట్, నాలుగు స్క్రీన్, ఐదు గ్రిడ్, ఎనిమిది క్యాథోడ్.

వీటన్నిట్లో పీడించేది గ్రిడ్. గిటార్ నుంచి వచ్చే బుల్లి సిగ్నల్ అక్కడికే వస్తుంది, అక్కడ దూరిన చెత్త ఏదైనా తర్వాతి దశలన్నిట్లో పెద్దదై బయటికొస్తుంది. గ్రిడ్ పక్క నుంచి హీటర్ తీగ పోయిందంటే మన కరెంటు 50 హెర్ట్జ్‌లు కాబట్టి 50 హెర్ట్జ్‌ల మోత పట్టుకుంటుంది. గ్రిడ్ దగ్గరికి ప్లేట్ తీగ వచ్చిందంటే ఇంకా ప్రమాదం. ఒక్కో ట్రయోడ్ సిగ్నల్‌ని తిరగేస్తుంది, రెండు ట్రయోడ్లు వరసగా దాటితే రెండుసార్లు తిరగబడి మళ్ళీ మొదటి ఫేజుకే వస్తుంది. అంటే రెండో ట్రయోడ్ ప్లేట్ మీద ఉన్నది మొదటి గ్రిడ్ మీద ఉన్న సిగ్నలే, అదే ఫేజులో, కొన్ని వందల రెట్లు పెద్దదిగా. ఆ రెండు తీగల్నీ పక్కపక్కన నడిపితే మధ్యలో ఉండే ఒకటి రెండు పికోఫారడ్లు చాలు, ఆంప్ తనంతట తనే మోగడం మొదలుపెడుతుంది. చాంప్‌లో ఈ రెండు ట్రయోడ్లూ ఒకే గాజు బుడ్డిలో, ఒకే సాకెట్‌లో ఉన్నాయని మర్చిపోకండి.

సరే, ఇప్పుడు తిప్పుదాం. ఛాసిస్‌ని బోర్లా పడుకోబెట్టి లోపలికి చూస్తున్నామనుకోండి. సాకెట్ల వరస అవతలి గోడ పక్కన, కాంపొనెంట్ల బోర్డు మనవైపు. ఇన్‌పుట్ జాక్ ఎడమ చివర, ఆ తర్వాత 12ఏఎక్స్7, తర్వాత 6వి6, తర్వాత 5వై3, కుడి చివర పవర్ ట్రాన్స్‌ఫార్మర్. గడియారం లెక్కన అవతలి గోడ పన్నెండు, మనవైపు ఆరు.

12ఏఎక్స్7 సాకెట్‌లో ఖాళీని ఆరు వైపు, అంటే బోర్డు వైపు పెట్టండి. అప్పుడు ఒకటి, రెండు, మూడు పిన్నులు ఎడమ పక్కకి, ఆరు, ఏడు, ఎనిమిది కుడి పక్కకి, నాలుగూ ఐదూ గోడ వైపుకి వస్తాయి. హీటర్ తీగలు గోడ మూలనే పరిగెత్తుతాయి కాబట్టి నాలుగు-ఐదుకి ఎక్కడా సిగ్నల్ దాటకుండా చేరతాయి. హీటర్ పిన్నుల్లో తొమ్మిదోది ఒక్కటే బోర్డు వైపు ఉంటుంది, దానికి వెళ్ళే తీగని సాకెట్ పక్క నుంచి చుట్టి తీసుకురాకుండా నడిమధ్య మీదుగా కొంచెం ఎత్తున వంతెనలా దాటించండి. అలాగైతే రెండు గ్రిడ్లకీ సమాన దూరంలో ఉంటుంది, ఏ గ్రిడ్డుకీ ఆనదు. ఎడమ ట్రయోడ్‌ని మొదటి దశకి వాడండి. జాక్ నుంచి వచ్చే తీగ సూటిగా రెండో పిన్నుకి చేరుతుంది, రెండో దశ ప్లేట్ అయిన ఆరో పిన్ను దానికి దాదాపు ఎదురు మూలన, గోడ వైపు కుడి పక్కన ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య అంతకంటే దూరం దొరకదు.

ఇన్‌పుట్ మీకు కుడి వైపున ఉంటే కంగారు పడక్కర్లేదు. సాకెట్ అలాగే ఉంచి ఆరు-ఏడు-ఎనిమిది ట్రయోడ్‌ని మొదటిదిగా వాడండి. రెండు ట్రయోడ్లూ ఒకటే, దూరాలు కూడా అంతే వస్తాయి. సర్క్యూట్ బొమ్మలో పిన్ను నంబర్లు వేరేగా ఉన్నాయని భయపడి సాకెట్‌ని వంకరగా పెట్టేవాళ్ళు ఉంటారు. నంబర్లు మార్చుకోండి, దిక్కు పాడుచేసుకోకండి.

6వి6కి గాడిని పన్నెండు వైపు, గోడకేసి పెట్టండి. ఎనిమిదీ ఒకటీ గోడ దగ్గర, రెండూ ఏడూ చెరో పక్క పైన, మూడు కుడి వైపు, నాలుగూ ఐదూ బోర్డు వైపు. గ్రిడ్ అయిన ఐదో పిన్ను కొంచెం ఎడమకి, అంటే సిగ్నల్ వచ్చే వైపుకే చూస్తుంది. ప్లేట్ అయిన మూడో పిన్ను కుడికి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగ వచ్చే వైపుకి. స్క్రీన్ అయిన నాలుగో పిన్ను, బోర్డు మీది ఫిల్టర్ కెపాసిటర్‌కి ఎదురుగానే ఉంటుంది. ఒకే ఒక్క దిక్కు ఇన్ని పనులు చేసిపెడుతుంది. సిగ్నల్ కుడి నుంచి ఎడమకి నడిచే లేఅవుట్ అయితే మాత్రం ఆక్టల్‌ని అలాగే ఉంచితే కుదరదు, గాడిని తొమ్మిది వైపు తిప్పితే ఐదో పిన్ను కుడికీ, ప్లేట్ గోడ వైపుకీ పోతాయి. ఏడో పిన్ను హీటర్ బోర్డు వైపుకి వస్తుంది, దాని తీగని రేకుకి ఆనించి నడపండి.

5వై3 దగ్గర పట్టింపు తక్కువ. నాలుగూ ఆరూ ప్లేట్లు, రెండూ ఎనిమిదీ ఫిలమెంట్, నాలుగు తీగలూ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వస్తాయి, కాబట్టి ఆ తీగలు వీలైనంత పొట్టిగా ఉండేలా తిప్పితే చాలు. ఒక్కటే హెచ్చరిక, ఆ 5 వోల్టుల ఫిలమెంట్ మీదే పూర్తి హైవోల్టేజీ కూర్చుని ఉంటుంది, 6.3 వోల్టుల తీగలతో కలిపి కట్టకండి.

వేరే ఆంప్ కట్టేవాళ్ళకి రెండు మాటలు. ఈఎల్84 అయితే ఖాళీని బోర్డు వైపు పెట్టడం ఇంకా బాగా కుదురుతుంది. గ్రిడ్ రెండో పిన్ను ఎడమకి, ప్లేట్ ఏడో పిన్ను కుడికి, స్క్రీన్ తొమ్మిదో పిన్ను బోర్డు దగ్గరికి, హీటర్ నాలుగూ ఐదూ గోడకి, ఏ తీగా ఏ తీగనీ దాటదు. ఈఎల్34 అయితే ఒకటో పిన్ను దగ్గర జాగ్రత్త. 6వి6, 6ఎల్6 జీసీలలో ఒకటో పిన్ను మామూలుగా ఖాళీ కాబట్టి గ్రిడ్ రెసిస్టర్‌ని ఒకటికీ ఐదుకీ మధ్య కట్టడం అలవాటు. ఈఎల్34లో ఒకటో పిన్ను సప్రెసర్ గ్రిడ్ అనే ఇంకో గ్రిడ్, దాన్ని ఎనిమిదికి కలపాలి. ముందు ముందు ఈఎల్34 పెడదామనే ఆలోచన ఉంటే ఒకటో పిన్నుని ఇప్పుడే వేరే పనికి వాడుకోకండి.

ఇక రంధ్రాలు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లు, పడవ ఇంజన్లు బాగుచేసే లేత్ షాపులు ఉంటాయి, రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వంచి రంధ్రాలు వేసి ఇమ్మంటే ఇస్తారు. మన ఉప్పుగాలికి మామూలు ఇనప రేకు తుప్పు పడుతుంది, అల్యూమినియమే మంచిది. పెద్ద రంధ్రం నోవల్‌కి 22 మిల్లీమీటర్ల దగ్గర, ఆక్టల్‌కి 28 నుంచి 30 మధ్య, స్క్రూల మధ్య దూరం నోవల్‌కి సుమారు 28, ఆక్టల్‌కి సుమారు 38 ఉంటుంది. సాకెట్ రకాన్ని బట్టి ఇవి మారతాయి కాబట్టి చేతిలోకి వచ్చిన సాకెట్‌ని వెర్నియర్‌తో కొలిచాకే చెప్పండి. అసలు చిక్కు ఏంటంటే స్క్రూ చెవులకీ గాడికీ మధ్య కోణం అన్ని సాకెట్లకీ ఒకేలా ఉండదు. ఒకదానికి గాడి చెవి ఎదురుగా ఉంటే ఇంకోదానికి పక్కకి ఉంటుంది. కాబట్టి లేత్ షాపులో పెద్ద రంధ్రాలు మాత్రమే వేయించుకోండి. "స్క్రూ రంధ్రాలు కూడా ఇప్పుడే కొట్టేస్తానండీ, మళ్ళీ రావక్కర్లేదు" అని ఆయన మంచిగానే అంటాడు, వద్దండీ అవి నేను ఇంటి దగ్గర వేసుకుంటానని చెప్పండి.

ఇంటికొచ్చాక సాకెట్‌ని రంధ్రంలో పెట్టి, లోపలి వైపు నుంచి చూస్తూ గాడినో ఖాళీనో అనుకున్న దిక్కుకి తిప్పి, చెవుల్లోంచి సూదిమొన మార్కర్‌తో చుక్కలు పెట్టి, సెంటర్ పంచ్ కొట్టి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లు వేయండి. కాగితం మీద ముందే లేఅవుట్ గీసి అతికించేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మనం గీసేది లోపలి నుంచి కనపడే బొమ్మ, దాన్ని రేకు బయటి వైపు అతికిస్తే ఎడమ కుడి మారిపోయి గ్రిడ్లన్నీ తప్పు పక్కకి పోతాయి. కాగితం మీద పెద్ద అక్షరాలతో "లోపల" అని రాసి, లోపలి వైపే అతికించి, అక్కడి నుంచే పంచ్ కొట్టండి.

హీటర్ తీగల్ని మన కోనసీమలో కొబ్బరి పీచు తాడు పేనినట్టు బిగువుగా మెలిపెట్టాలి, వదులుగా రెండు చుట్లు చుడితే లాభం లేదు. రెండు తీగల్లో కరెంటు ఎదురెదురుగా పోతుంది, ఎంత దగ్గరగా మెలిపడితే వాటి చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం అంత కొట్టుకుపోతుంది. సాకెట్ దాకా మెలికతోనే రావాలి, చివరి సెంటీమీటరే విడిపోవాలి. సిగ్నల్ తీగని దాటాల్సి వస్తే లంబకోణంలో అడ్డంగా దాటండి, పక్కపక్కన నడపకండి. 12ఏఎక్స్7 హీటర్ 300 మిల్లీ ఆంపియర్లు, 6వి6 హీటర్ 450 తీసుకుంటాయి, సన్నటి తీగ వాడకండి. 6.3 వోల్టుల వైండింగ్‌కి సెంటర్ ట్యాప్, అంటే నడిమధ్య నుంచి తీసిన తీగ ఉంటే దాన్ని గ్రౌండ్ చేయండి, లేకపోతే రెండు 100 ఓముల రెసిస్టర్లతో మధ్య బిందువు తయారుచేసి గ్రౌండ్ చేయండి. ఇది వదిలేస్తే సాకెట్ ఎంత చక్కగా తిప్పినా హమ్ పోదు.

ట్యూబులు తలకిందులుగా వేలాడే కాంబోలు (ఆంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండేవి) ఎన్నో ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఆక్టల్ ట్యూబులకి పట్టి ఉంచే స్ప్రింగ్ క్లిప్పులు పెట్టండి, స్పీకర్ అదురుకి జారిపోకుండా ఉంటాయి. అడ్డంగా పడుకోబెట్టేటట్టయితే మాత్రం డేటాషీట్‌లో మౌంటింగ్ పొజిషన్ అనే వరస చదవండి. వేడెక్కిన ఫిలమెంటు, గ్రిడ్ తీగలు బరువుకి కిందికి జారి పక్కదానికి తగలకుండా ఫలానా రెండు పిన్నులు నిలువు గీతలోనో అడ్డ గీతలోనో ఉండాలని కొన్ని ట్యూబులకి రాసి ఉంటుంది. అప్పుడు సాకెట్ దిక్కుని ఆ షరతే నిర్ణయిస్తుంది, తీగల సౌకర్యం తర్వాత.

సాకెట్ దేనితో చేశారన్నది మన వైపు ముఖ్యం. అంతర్వేది, నరసాపురం, రాజోలు వైపు ముసురు పట్టినప్పుడు గాల్లో తడి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. పాత వాల్వు రేడియోల్లోంచి పీకిన గోధుమరంగు సాకెట్లు ఆ తడిని పట్టుకుంటాయి. ఆక్టల్‌లో ప్లేట్ మూడో పిన్ను, పక్కనే హీటర్ రెండో పిన్ను, మధ్యలో మూడు నాలుగు వందల వోల్టుల తేడా. తడి, సోల్డర్ ఫ్లక్స్ మడ్డి కలిసి అక్కడ ఒకసారి నిప్పురవ్వ దూకిందంటే నల్లటి బొగ్గు గీత పడుతుంది, ఆ తర్వాత ఆ గీతే కరెంటుకి దారి. గీత పడ్డ సాకెట్‌ని గీకి వాడకండి, మార్చేయండి. పింగాణీవి గానీ మైకాలెక్స్‌వి (మైకా, గాజు కలిపి చేసినవి) గానీ కొనండి, సోల్డరింగ్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ తుడిచేయండి.

అన్నీ అయ్యాక ట్యూబులు పెట్టకుండా, సిరీస్ బోర్డులో (ఆంప్‌కి వెళ్ళే కరెంటు బల్బు గుండా పోయేలా కట్టిన బోర్డు) పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి. ఆక్టల్‌లో రెండుకీ ఏడుకీ మధ్య, నోవల్‌లో నాలుగుకీ తొమ్మిదికీ మధ్య మల్టీమీటర్ ఏసీలో 6.3 వోల్టుల దగ్గర చూపాలి, లోడు లేదు కాబట్టి కొంచెం ఎక్కువ చూపినా పర్వాలేదు. నాలుగుకీ ఐదుకీ మధ్య సున్నా ఉండాలి. నోవల్‌లో ఈ అంకెలు రాకపోతే పిన్నులు తిరగేసి లెక్కపెట్టి ఉండొచ్చు, ట్యూబు పెట్టకముందే సరిచూసుకోండి. ట్యూబులు పెట్టి, సిరీస్ బల్బు తీసేశాక మళ్ళీ కొలవండి, 5.7కీ 6.9కీ మధ్య ఉంటే మంచిది. సాయంత్రం లోడుకి ఇంట్లో కరెంటు 200 వోల్టులకి పడిపోయే ఊళ్ళల్లో 6.3 కాస్తా 5.5కి దిగుతుంది, అలాంటిచోట స్టెబిలైజర్ పెట్టుకోండి.

మొదటిసారి ఆన్ చేయగానే చెవులు చిల్లులు పడేలా కీచుమంటే ముందు సాకెట్‌ని అనుమానించకండి, చాంప్‌లో స్పీకర్ నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలు తారుమారైతే అది తిరగబడుతుంది. ఆపి, డిశ్చార్జి చేసి, ప్రైమరీ తీగలు, అంటే దాని ట్యూబు వైపు తీగలు రెండూ మార్చి చూడండి. కీచు లేదు, మోతే ఉందనుకోండి, ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే యాప్ పెట్టి స్పీకర్ దగ్గర పట్టండి. 100 హెర్ట్జ్‌ల దగ్గర ఎత్తుగా ఉంటే అది రెక్టిఫయర్, ఫిల్టర్, గ్రౌండింగ్ సంగతి. 50 దగ్గర ఉంటే హీటర్ తీగల్నీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ చూడాలి. ఆపి 12ఏఎక్స్7 పీకేసి మళ్ళీ ఆన్ చేయండి, 50 పోయిందంటే అది ఆ ట్యూబు గ్రిడ్ల దగ్గరే దూరుతోంది. ట్యూబు తిరిగి పెట్టి, ఎండిన వెదురు పుల్లతో, వేరే దేనితోనూ కాదు, రెండో పిన్ను తీగనీ తొమ్మిదో పిన్ను వంతెననీ ఒక్కోటే మెల్లగా కదపండి, ఒక చెయ్యి జేబులోనే ఉండాలి. ఏది అర సెంటీమీటరు జరిగితే మోత తగ్గుతోందో ఆ చోటు గుర్తుపెట్టుకుని, ఆపి, కెపాసిటర్లు ఖాళీచేసి, ఆ తీగని పొట్టిగా కత్తిరించి కొత్తగా సోల్డర్ చేయండి.